షర్బత్ పాట విన్నవాడు

"నీకు ఉరి రేపు పొద్దున. అబద్ధమాడినా కాస్త బుర్ర పెట్టి ఆడొచ్చు కదయ్యా" అన్నాడు సబాతో.

కవి అనియెల్లో జైలు గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. గడ్డం మాసింది, చొక్కా కాలర్ చిరిగింది. అయినా మాటలో బింకం పోలేదు.

"అబద్ధం కాదు. ఆ గాయకుడు పింతీనో పీక ఎవరో బిగించేటప్పటికి నేను హాల్లో ఉన్నా. పాట వింటున్నా."

"ఏ పాట?"

"తెక్లా పాడేది. ముసలి దాది పాట."

తలుపు దగ్గర నిలబడ్డ కాపలావాడు పక్కవాణ్ణి చూసి పగలబడి నవ్వాడు. "బాబాయ్, విన్నావా? షర్బత్ పాట విన్నాడంట! ఇంతకన్నా నేనే చంపానని ఒప్పేసుకుంటే పరువన్నా దక్కేది!"

వాడు నవ్వాడంటే తప్పులేదు. నేపుల్స్‌లో ఒపెరాకి వెళ్లేవాళ్లు పెద్ద గాయకుల పాటలకు వెళతారు. ఆ పాటల మధ్య కాస్త ఊపిరి పీల్చుకోవడానికి మూడో తరగతి గాయనికి ఒక పాట ఇస్తారు. అది మొదలైందంటే జనమంతా లేచి వసారాలోకి పోయి మంచు కలిపిన నిమ్మ షర్బత్ కోసం తోసుకుంటారు. పైన గదుల్లో కూర్చున్న దొరలు పేకముక్కలు పంచుకుంటారు. వాద్యాలవాళ్లు ఫిడేళ్లు కుర్చీల్లో పెట్టి వాళ్లూ వెళ్లిపోతారు. హార్ప్సికార్డ్ అనే మీటల వాద్యం ముందు కూర్చున్న మాస్టారు ఒక్కరే ఏదో వాయించి పాట గట్టెక్కిస్తారు. ఆ పాట ఎలా ఉందని అడిగితే ఊళ్లో ఎవరైనా నిమ్మకాయ పులుపు గురించి చెబుతారు తప్ప పాట గురించి చెప్పరు.

"అందరూ బయటికి పోతే నువ్వొక్కడివే ఎందుకు కూర్చున్నావ్?"

"ఆ ఒపెరాలో నేను రాసిన మాటలు మిగిలింది ఆ పాటలోనే కాబట్టి. మిగతావన్నీ పింతీనో పీకి పారేశాడు. వాడి పెట్టెలో పాటలు పట్టుకొచ్చి కుక్కుకున్నాడు. ఏ ఊరెళ్లినా అవే పాటలు, అవే సంగతులు. యుద్ధానికి పోయే రాజు కోకిల మీద పాట పాడితే కథేమవుతుంది చెప్పండి?"

"అందుకే అందరి ముందూ చంపుతానన్నావా?"

"అన్నా. కవులు రోజుకి నలుగుర్ని చంపుతామంటారు. ఇంకో మాట కూడా అన్నా, అది ఎవరూ చెప్పరు. 'నీ జన్మలో ఒక్క మాటని మాటలా పాడావురా?' అన్నా. దానికి వాడి మొహం మాడిపోయింది."

సబాతో నేర న్యాయస్థానంలో విచారణాధికారి. భార్య బియాజా పోయిన శీతాకాలం నుంచి అతనికి ఏదీ పెద్దగా తగలడం లేదు. తిన్నది గొంతు దిగుతుంది, విన్నది చెవిలో పడుతుంది, అక్కడితో సరి. పనికి మాత్రం అది అడ్డు రాలేదు. మనిషి ఇంకా చురుకయ్యాడని పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

"సరే, విన్నావు. ఎలా పాడింది?"

అనియెల్లో చేతివేళ్లు చూసుకున్నాడు.

"తెక్లా ఎప్పుడూ గబగబా పాడేసి పోతుంది. మధ్యలో గొంతు గిరగిరా తిప్పుతూ నాలుగు బిర్కాలు విసురుతుంది, ఎవరైనా వింటారేమోనని ఆశ. ఆ రోజు ఒక్క సంగతి వేయలేదు. నేను రాసింది రాసినట్టు పాడింది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. మళ్లీ పల్లవికి వచ్చినప్పుడే కదా అందరూ గారడీలు మొదలుపెట్టేది? ఆమె ఇంకా నెమ్మదించింది. ఇంకా చిన్నగా పాడింది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా ఏడ్చా."

"మాటలు చెప్పు."

"'నిద్రే అనుకున్నాను, దుప్పటి కప్పాను. చలిగాలి తగలనీక కిటికీ మూశాను.' రాణి చనిపోయిందని దాదికి ఇంకా తెలీదు."

సబాతో విన్నాడు. బియాజాకు తను కూడా దుప్పటి కప్పాడు. ఆ సంగతి గుర్తొచ్చింది కానీ గుర్తొస్తే రావలసినదేదీ రాలేదు. లేచి నిలబడి టోపీ పెట్టుకున్నాడు.

"గొంతు తెక్లాదేనా?"

"ముసుగు వేసుకుంది. మొహానికి ముడతలు గీసుకుంది. ఆమె కాక ఇంకెవరుంటారు?" అన్నాడు అనియెల్లో. అని, తనే సందేహంలో పడ్డాడు. "శ్రుతి మాత్రం కాస్త కిందికి ఉంది. జలుబు చేసిందేమో అనుకున్నా."

* * *

పాల్మా నాటకశాలలో పింతీనో గదికి సీలు వేశారు. శవాన్ని చర్చికి తీసుకుపోయారు. పింతీనో, గొంతు ముదరకూడదని పసితనంలోనే బీజాలు కోయించిన గాయకుడు. మీసం రాని మొహం, ఆడపిల్ల గొంతు, మల్లుడి ఛాతీ. ఊరంతా అతనికి దాసోహం. శవాన్ని మోసుకుపోయేటప్పుడు సబాతో దగ్గరగా చూశాడు. మెడ చుట్టూ పట్టు నడికట్టు కోసిన గీత ఉంది. కుడి చెవి కింద, దవడ వంపులో, నల్లటి మరక కూడా ఉంది. ఆ మరక గురించి ఎవరూ రాసుకోలేదు.

కేసు చూడడానికి సాదాగానే ఉంది. పింతీనో తన పెద్ద పాట పాడి గదికి వెళ్లాడు. తర్వాత షర్బత్ పాట. అది పాడి లోపలికొచ్చిన తెక్లా అతని తలుపు తట్టి, తోసి చూస్తే శవం. అంటే ఆ పాట సాగుతుండగానే చంపారు. ఆ సమయంలో మాస్టారు బెరార్దో స్కాల్ఫీ హార్ప్సికార్డ్ ముందున్నాడు, తెక్లా వేదిక మీద ఉంది, మిగతావాళ్లంతా వసారాలో ఒకరి మొహాలొకరు చూస్తూ షర్బత్ తాగుతున్నారు. ఎవరికీ కనపడనివాడు అనియెల్లో ఒక్కడే.

సబాతో అద్దం ముందు వంగాడు. బల్ల మీద నూనె గిన్నె పక్కన రెండు గుడ్డలున్నాయి. ఒకదానికి ఎర్రరంగు అంటింది, అది రాజు వేషానిది. రెండోదానికి మాడ్చిన బెరడు మసి. బల్ల కింది చెంబులో బూడిదరంగు నీళ్లు. వేలు ముంచి చూశాడు. పిండి నీళ్లు, జుట్టు నెరిసినట్టు కనపడడానికి రాసుకునేవి.

"ఇంకా ఆ బల్ల కింద ఏం వెతుకుతున్నావయ్యా సబాతో? మీ ఆవిడ దాచిన చిల్లరా?"

తలుపులో డాన్ లియోనెత్తో క్వారాంతా నిలబడ్డాడు. రాజప్రతినిధి కోటనుంచి ఈ కేసు తొందరగా ముగించమని పంపిన మనిషి. పట్టు చొక్కా, చేతిలో సెంటు రాసిన రుమాలు. బియాజా పోయిన సంగతి అతనికి తెలుసు. తెలిసే అన్నాడు. సబాతోకి కోపం రావలసిన చోటు అది, కోపం రాలేదు.

"దొరగారూ, రాజు వేషం వేసేవాడు ముడతలు గీసుకునే మసి ఎందుకు తుడుచుకున్నాడంటారు?"

"దీపం మసి."

"దీపం మసి చెవి కిందకి పోదు."

"చూడు, ఆదివారం రాజప్రతినిధి గారి పుట్టినరోజు. ఆ రోజు ఇక్కడ కొత్త ఒపెరా ఆడాలి. స్కాల్ఫీ మాస్టార్ని కోట సంగీతానికి పెద్దగా వేస్తున్నారు. ఆ కవిగాడు అందరి ముందూ చంపుతానన్నాడు. తాడు సిద్ధంగా ఉంది. నువ్వు గుడ్డలు పట్టుకు కూర్చున్నావ్!"

"తప్పుడు మెడకు పడితే తాడు ఏం చేస్తుంది పాపం?"

"నువ్వు జోకులేస్తున్నావా, ఏడుస్తున్నావా? ఈ మధ్య నీ మొహం చూస్తే తెలిసి చావడం లేదు."

"నాకూ తెలీడం లేదు దొరా" అని సబాతో మసిగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రండి, కిందికి పోదాం. మీరూ విందురుగాని."

"దేన్ని?"

"తెక్లా పాటని. మీరెప్పుడూ విని ఉండరు."

* * *

కింద వేదిక మీద సాధన జరుగుతోంది. వాద్యాలవాళ్లు భోజనానికి వెళ్లారు. హార్ప్సికార్డ్ ముందు మాస్టారు స్కాల్ఫీ, పక్కన తెక్లా ఉన్నారు. తెక్లా చేతిలో ఉన్నది ఆదివారం ఒపెరాలో మొదటి నాయిక పాట. సబాతో అది గమనించాడు. పదేళ్లుగా దాదులు, దూతికలు, దయ్యాలు తప్ప ఇంకో వేషం ఎరగని మనిషి, హీరో చచ్చిన వారం తిరక్కుండా నాయిక అయింది.

"మాస్టారూ, ఒక చిన్న సంగతి. ఆ రోజు దాది పాటకి వాయించింది మీరొక్కరేనా?"

"ఎప్పుడూ అంతే కదండీ. మా వాళ్లకి షర్బత్ కనిపిస్తే శ్రుతి వినపడదు." మాస్టారు చేతులు తెల్లగా, పొడుగ్గా ఉన్నాయి. మాట మెత్తగా ఉంది.

"తెక్లా ఎలా పాడింది?"

"ఎప్పట్లాగే. ఏం చెప్పమంటారు, ఆ పాటకి అంతకన్నా ఏముంది?"

"అదే శ్రుతిలోనా?"

మాస్టారు అతని వైపు చూశాడు. "అదే."

సబాతో తెక్లా వైపు తిరిగాడు. "అమ్మా, ఆ రోజు పాడినట్టు ఒక్కసారి పాడు."

"ఇప్పుడా? ఎందుకయ్యా?"

"నాకు చెవిటితనం వస్తోందని అనుమానం. పరీక్ష చేసుకుంటా."

లియోనెత్తో విసుక్కుంటూ మొదటి వరసలో కూలబడ్డాడు. తెక్లా మాస్టారు మొహం చూసింది. ఆయన తలూపి వాయించాడు. ఆమె మొదలుపెట్టింది. రెండో మాటకే ఒక సంగతి పడింది. 'దుప్పటి' దగ్గర గొంతు మెట్లెక్కి దిగింది. 'కిటికీ' అన్నచోట కిటికీ ఎక్కడుందో కూడా తెలియలేదు. పిట్ట ఎగిరినట్టు గొంతు పైపైకి పోయింది. పాట పూర్తయ్యేసరికి ఆమె నుదుటికి చెమట పట్టింది.

"బాగుంది. ఇప్పుడు సంగతులు లేకుండా" అన్నాడు సబాతో.

"అలా ఎవరైనా పాడతారా?"

"ఆ రోజు పాడారు. చివరి పల్లవి మొదటిదానికన్నా చిన్నగా. ఇంకో మెట్టు కింది శ్రుతిలో. మాస్టారూ, కింద పట్టండి."

మాస్టారు చేతులు మీటల మీదే ఉన్నాయి. వాయించలేదు. తెక్లా తోడు లేకుండానే ఎత్తుకుంది. 'నిద్రే అనుకున్నాను' దాకా వచ్చింది. తర్వాత గొంతు దానంతటదే పైకి లేవబోయింది, పట్టి దించింది, మళ్లీ లేచింది. ఊరికే నిలబడ్డ స్వరం ఎంత బరువో ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది. మధ్యలో ఆగిపోయింది.

"నాకు రాదు" అంది.

"తెలుసు. ఎవరికి వచ్చిందో చెప్పు."

"సబాతో, దేని గురించి..." అని లియోనెత్తో లేచాడు.

సబాతో జేబులోంచి మసిగుడ్డ తీసి వేదిక అంచున పెట్టాడు. "ఈ మసి నీది తెక్లా. దొరికింది పింతీనో గదిలో. వాడి చెవి కింద కూడా ఇదే మసి. పదేళ్లుగా ఎవరూ చూడని వేషం నీది, అందులో ఎవరు దూరినా చూసేవాడు లేడు. నేనేమీ ఊహించి చెప్పడం లేదు. నీ మాట మీద ఒక మనిషి ప్రాణం ఉంది, రేపు పొద్దున పోతుంది. నువ్వు నోరు తెరిస్తే పోదు. అంతే సంగతి."

అతని గొంతులో బతిమాలడం లేదు, బెదిరింపు లేదు. అంగడివాడు తూకం చెప్పినట్టు చెప్పాడు. తెక్లా దానికే భయపడింది. చేతులతో మొహం కప్పుకొని ఏడ్చింది.

"వారం రోజులు నిద్రపోలేదయ్యా వాడు. ఆ కవి అన్నమాట పట్టుకుని. 'ఒక్క మాటని మాటలా పాడగలనో లేదో చూసుకోవాలి తెక్లా. తప్పితే ఎవరూ చూడనిచోట తప్పుతా. నీ పాట ఇవ్వు' అన్నాడు. మాస్టార్ని అడిగితే నవ్వి, ఎవడు పట్టించుకుంటాడు, కానీయండి అన్నారు. నా ముసుగు, నా చీకిపోయిన గౌను వేసుకుని వెళ్లాడు. నేను వాడి గదిలో వాడి అంగీ కప్పుకుని కూర్చున్నా."

నేపుల్స్‌లో అందరికన్నా గొప్ప గొంతు, తన బతుకులో అందరికన్నా గొప్పగా పాడిన పాటని ఖాళీ కుర్చీలకు పాడింది. జనం వసారాలో నిమ్మ షర్బత్ తాగారు.

లియోనెత్తో రుమాలు ముక్కు దగ్గరే ఆగింది. "అంటే... పాట అయ్యేదాకా వాడు బతికే ఉన్నాడు."

"బతికే ఉన్నాడు దొరా. పాటప్పుడు చచ్చినట్టు మనందరికీ చెప్పింది ఇద్దరే. ఆ పాట పాడానన్న మనిషి, దానికి వాయించిన మనిషి. తరువాత ఏమైంది తెక్లా?"

"తిరిగొచ్చాడు. ముసుగు తీసి నా చేతులు పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. 'మూడో వరసలో ఒకడు ఏడుస్తున్నాడే! ఆ పిచ్చి కవే! ఇంక ఆ కోకిల పాట పాడను, రేపట్నుంచి వాడు రాసిందే పాడతా' అన్నాడు. నన్ను బట్టలు మార్చుకోమన్నాడు. ఈలోగా వేదిక మీద హాస్యగాళ్ల ముక్క మొదలైంది. దానికి వాళ్ల ఫిడేళ్లు వాళ్లకుంటాయి, మాస్టారు ఖాళీ. ఆయన గదికొచ్చారు. నన్ను బయటికెళ్లమన్నారు." ఆమె కళ్లు తుడుచుకుంది. "మళ్లీ తలుపు తీసేసరికి... 'నువ్వు పాట ముగించి వచ్చి చూశావు. అంతే కదా? ఆదివారం నువ్వే నాయికవి' అన్నారు. పదేళ్లయ్యా. పదేళ్లు షర్బత్ పాట పాడాను. ఒప్పుకున్నా."

మాస్టారు స్కాల్ఫీ వాద్యం మూత నెమ్మదిగా దించాడు.

"కోట ఉద్యోగం కోసమేనా?" అన్నాడు సబాతో. "పింతీనో సంగతులు మానేస్తే మీ ఒపెరాలు ఎవరు చూస్తారని?"

"ఉద్యోగం!" మాస్టారు మొదటిసారి గొంతు పెంచాడు. "మీకేం తెలుసండీ? వాడు పాడుతుంటే వాయిస్తూ కూర్చున్నవాణ్ణి నేను. ముప్ఫై ఒపెరాలు కట్టాను. గొంతులు ఎగరడానికి మెట్లు కట్టాను, అంతకన్నా ఏమీ చేయలేదని ఆ ఒక్క పాటలో తెలిసింది. అది కూడా నేను కట్టిన వరసే. ఊరికే పాడితే అంత ఉందని నాకే తెలీదు. వాణ్ణి బతిమాలాను, ఇది ఇంకెక్కడా పాడకురా అని. రేపే పాడతానన్నాడు. హాల్లో విన్నవాడు ఒక్కడే అనుకుంటున్నారు మీరు. ఇద్దరం విన్నాం."

సబాతో అతని మొహం చూశాడు. అందులో పశ్చాత్తాపం ఉందో లేదో పోల్చుకోలేకపోయాడు. పోల్చుకోవలసిన అవసరమూ కనపడలేదు. కావలసింది దొరికింది.

"విన్నారుగా దొరా. న్యాయమూర్తి గారికి చెబుదాం పదండి."

లియోనెత్తో రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తొందరేమీ లేదు. మాస్టార్ని చూశాడు, తెక్లాని చూశాడు, ఖాళీ కుర్చీలు చూశాడు.

"నేనేం విన్లేదయ్యా" అన్నాడు. "మాస్టారు గారికి ఒంట్లో బాగాలేదు, ఏదో పలవరించారు. ఆదివారం ఒపెరా ఉంది. కవులు సందుకొకడు దొరుకుతాడు, ఈయన దొరకడు."

"తెక్లా చెబుతుంది."

"అవునా?" లియోనెత్తో తలుపు వైపు తిరిగి చిటికె వేశాడు. ఇద్దరు కోట సిపాయిలు లోపలికొచ్చారు. ఇంకొకడు వేదిక వెనక తెరల్లోంచి వచ్చాడు. "అమ్మాయి పాపం అలిసిపోయింది. నా బండిలో ఇంటి దగ్గర దింపండి. సముద్రం ఒడ్డు మీదుగా తీసుకెళ్లండి, గాలి తగులుతుంది."

తను ఇల్లు చేరదని తెక్లాకి అర్థమైంది. ఆమె కేక వేయలేదు. పదేళ్లుగా ఆమె గొంతెత్తినప్పుడల్లా జనం లేచి పోవడం చూసిందేమో, కేక వేసినా ఎవరు వస్తారనుకుందేమో. వేదిక అంచు దాకా వచ్చి సబాతో చెయ్యి పట్టుకుంది.

అనియెల్లో మెడా, దాన్ని కాపాడే ఈమె నోరూ, రెండూ ఇప్పుడు తన చెయ్యి పట్టుకునే ఉన్నాయి. ఆమె చెయ్యి మంచులా ఉంది. సబాతో నడుము దగ్గర కత్తి కోసం రెండో చెయ్యి పోనిచ్చాడు. ఆ చెయ్యి వణుకుతోంది. తెక్లా వణుకు తనకి తగులుతోందేమో అనుకున్నాడు. కాదు, తనదే. బియాజా పోయాక మొదటిసారి అతనికి భయం వేసింది.

"నా వెనకే ఉండు" అన్నాడు ఆమెతో.

ముందున్న సిపాయి కత్తి దూశాడు.